పైపుల్లో లేని మూడో వంతు

మా ఆయన సత్యం, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. పెళ్ళైన ఏడాదే ఆ సంగతి నాకు తెలిసిపోయింది. అయినా నలభై ఏళ్ళుగా ఆయనతో వాదిస్తూనే ఉన్నానంటే, నా బుద్ధీ అంతంతమాత్రమే అనుకోవాలి.

స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్ళు పైపు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెంలో మా ఇల్లు. మా అమ్మాయి ఫ్లోరా నర్సు, అల్లుడు రిచర్డ్‌కి ప్లాంటులో ఉద్యోగం, వాళ్ళ క్వార్టరు ఉక్కునగరంలో. వాళ్ళ పాప కేథరిన్ అయిదో తరగతి. సాయంత్రం స్కూలు బస్సు దాన్ని మా ఇంటి ముందు దింపుతుంది. ఎనిమిదింటికి ఫ్లోరా వచ్చి తీసుకుపోయేదాకా అది తాత సొత్తు. అయిదు కాకముందే ఈయన గేటు దగ్గర నిలబడతారు. బస్సు రెండు నిమిషాలు లేటైతే ఆ డ్రైవర్ని తిట్టే తిట్లు నేను చర్చిలో ఎవరికీ చెప్పుకోలేను.

మొన్న ఒకరోజు ఫ్లోరా ముఖం మాడ్చుకుని వచ్చింది.

"దీనికి ఫ్రాక్షన్స్‌లో ఇరవైకి ఆరమ్మా! వచ్చే శనివారం మళ్ళీ టెస్టంట. పదిహేను రాలేదనుకో, గాజువాకలో ట్యూషన్‌కి ఏసెత్తాను. అయిదు నుంచి ఎనిమిది."

మా ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. "ట్యూషన్ ఏటే? నాను సచ్చానేటి? నాను సెప్తాను."

"నువ్వు టెన్త్ ఫెయిలు నాన్నా."

"ఫెయిలైతే? ముప్పై ఏళ్ళు నాను బిగించిన పైపొక్కటి కారిందేటి?"

ఆ పిల్ల కష్టం చిన్నదే. ఎనిమిదో వంతు, నాలుగో వంతు కన్నా పెద్దదంటుంది. ఎందుకే అంటే, ఎనిమిది పెద్దది కదా అమ్మమ్మా అంటుంది.

మా ఆయన పెరట్లోంచి పైపు ముక్కలన్నీ తెచ్చి వరండాలో పరిచారు. "ఇది అర అంగుళం, ఇది పావు అంగుళం. ఏలెట్టి సూడు. ఏది పెద్దదే?" టేపు తీసి అంగుళాన్ని చూపించారు. "దీన్ని రెండు ముక్కలు సేత్తే సగం. నాలుగు సేత్తే పావు. ఎనిమిది సేత్తే సూతు. ముక్కలు ఎక్కువయ్యే కొద్దీ ముక్క సన్నబడిపోద్ది. కింద అంకె ఎంత పెద్దదైతే ముక్క అంత సిన్నది, తెలిసిందా?"

పిల్లకి తెలిసింది. తెలియడమే కాదు, అర అంగుళం పైపులో బొటనవేలు ఇరికించుకుని కూర్చుంది. కొబ్బరినూనె పోసి, ఇద్దరినీ చెడామడా తిట్టి, ఆ వేలు బయటికి లాగేసరికి నా తాతలు దిగొచ్చారు.

మిశ్రమ భిన్నాలైతే ఇంకా తేలిగ్గా అయిపోయాయి. ఒకటింపావు పైపు చూపించి, "ఒక అంగుళం, దాని మీద పావు. అన్నీ పావులే సేసెయ్, ఎన్నొత్తాయి?" అన్నారు. "అయిదు పావులు!" అని ఎగిరింది. మా ఆయన మీసం తిప్పారు. నేనూ లోపల మురిసిపోయాను గానీ బయటపడలేదు. పొగిడితే ఈయన్ని పట్టడం కష్టం.

బుధవారం లెక్కల్లో సగమూ, మూడో వంతూ కలపమని వచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"మూడో వంతు లేదు."

"పుస్తకంలో ఉంది తాతా."

"అచ్చు తప్పై ఉంటాది. అర ఉంది, పావు ఉంది, సూతు ఉంది. మూడో వంతు పైపు నాను నా సర్వీసులో సూళ్ళేదు. కొట్టీ."

అది నిజంగానే కొట్టేసి, పక్కన 'ఈ సైజు రాదు' అని రాసుకుపోయింది! మర్నాడు టీచరు నవ్విందట, క్లాసంతా నవ్విందట. బస్సు దిగుతూనే బావురుమంది. "నాకు రాదు తాతా, ఇంక రాదు. ట్యూషన్‌కే పోతాను."

ఆయన వాలుకుర్చీలో కూలబడ్డారు. టీ ఇస్తే వద్దన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. శనివారానికి రెండు రోజులే ఉన్నాయి. ఆ మూడు గంటలూ పోతే ఈ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు. జాలి వేసినప్పుడు నాకు కోపం ముందొస్తుంది, ఏం చేయను!

"ఏటండీ ఆ ముఖం? పైపుల్లో లేకపోతే లోకంలోనే లేదా మూడో వంతు? ముప్పై ఏళ్ళు రోజుని మూడు ముక్కలు సేసుకుని ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని సచ్చారు కదా!"

తిట్టేసి వంటింట్లోకి పోయాను. వెనక నుంచి కేక. "లీలా! ఓ ప్రేమలీలా! అమ్మడూ, సుద్ద తే!"

నేల మీద సుద్దతో పెద్ద గడియారంలా గీశారు. రోజుకి ఇరవైనాలుగు గంటలు. షిఫ్టుకి ఎనిమిది. "ఇదేనే మూడో వంతు! ఇప్పుడు నాలుగేసి గంటల ముక్కలు సెయ్. రోజుకెన్ని?"

"ఆరు."

"సగం రోజుకి?"

"మూడు. షిఫ్టుకి రెండు. మొత్తం అయిదు... తాతా, ఆరింట అయిదు!"

ఆ తర్వాత ఇద్దరూ ఆగలేదు. డ్యూటీ మార్చాల్సిన రిలీవరు రాక వరుసగా నాలుగు షిఫ్టులు చేస్తే ఎన్ని రోజులు? ఒకటీ, మూడో వంతూ.

"బీ షిఫ్టు ఎప్పుడు తాతా?"

"మజ్జాన్నం రెండు నుంచి రాత్రి పది. మీయమ్మ స్కూలు నుంచి వచ్చీసరికి నానుండను. నాను వచ్చీసరికి అది పడుకుండిపోయీది. మూడు వారాల్లో ఒక వారం."

"అంటే మూడో వంతు సాయంత్రాలు నువ్వు లేవు."

"లేను," అన్నారు. సుద్ద ముక్కతో ఆ మూడో వంతు మీద అడ్డగీత గీశారు.

శనివారం టెస్టు. సోమవారం సాయంత్రం ఫ్లోరా పేపరు చేత్తో పట్టుకుని వచ్చింది. పద్నాలుగు.

ఒక్క మార్కు! నేను నోరు తెరిచేలోగా మా ఆయన తలొంచుకుని, "ఏసెయ్యమ్మా ట్యూషన్‌కి. మాటంటే మాటే," అన్నారు. కేథరిన్ ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు.

ఫ్లోరా కూర్చోలేదు. "ఆఖరి ప్రశ్న, మూడో వంతుకి మీ సొంత ఉదాహరణ రాయమన్నారు. ఇది ఇంగ్లీషులో ఏటి రాసిందో సదువుతాను, ఇను నాన్నా," అని తెలుగులో చెప్పింది. "మా అమ్మ చిన్నప్పుడు సాయంత్రాల్లో మూడో వంతు మా తాత ఇంట్లో లేడు. నాకు మాత్రం మూడింట మూడు వంతులూ ఉన్నాడు."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఫ్లోరా పేపరు మడిచి బ్యాగులో పెట్టుకుంది. "ట్యూషన్ వద్దులే," అంది. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. "రేపు నాకు ఆఫ్ నాన్నా. అయిదింటికి నానూ వత్తాను. నా మూడో వంతు నాకు కావాలి."

"అయితే ఒక్క నిమిషం లేటవ్వకు," అన్నారు ఆయన, చిన్నప్పుడు దాన్ని గద్దించినట్టే.