తీసుకోవలసిన బంటు

మా ఆయన తాళాలు బాగుచేసేవారు. చదరంగంలో మాత్రం తన తలుపు తానే బార్లా తెరిచి కూర్చునేవారు.

తెల్లపావులు చేతికొస్తే ఎప్పుడూ ఒకటే ఎత్తు. ముందు రాజు ఎదుటి బంటును రెండు గళ్ళు నడిపేవారు. అవతలివాడూ అలాగే నడిపితే, రాజు పక్కనున్న శకటు ముందరి బంటును తోసి, ఊరికే తీసుకోమని ఇచ్చేవారు. బంటును ఎరవేసి దాడికి దారి తెరుచుకునే ఆ పద్ధతిని కింగ్స్ గాంబిట్ అంటారట. వందల ఏళ్ళనాటి ఎత్తట. ఒకప్పుడు పేరున్న ఆటగాళ్ళంతా అదే ఆడేవారనీ, ఇచ్చిన బంటును తీసుకోకపోతే పిరికితనంగా చూసేవారనీ, కాచుకునే విద్య పెరిగాక దానికి విలువ తగ్గిందనీ చెబుతుంటే, నేను కూరగాయలు తరుగుతూ ఊకొట్టేదాన్ని.

ఎదురుగా కూర్చునేది పక్క కొట్టు టైలరన్నయ్య. బంటు కనబడగానే గద్దలా తన్నుకుపోయేవాడు. "నీ దానధర్మాలే నాకు బోణీరా" అని ఎగతాళి చేసేవాడు. ఎక్కువగా ఓడేది మా ఆయనే.

ఊపిరితిత్తులు పాడై ఆయన మంచాన పడ్డాక కొట్టు మూసేశాం. అన్నయ్య సాయంత్రాలు వచ్చి మంచం పక్కనే బల్ల వేసుకునేవాడు. కానీ బంటును తీసుకోవడం మానేశాడు. ఇంకేదో పావు జరిపేవాడు, తర్వాత మంత్రిని అప్పగించి ఓడిపోయేవాడు. గెలిచిన మా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఒక సాయంత్రం అడిగేశారు.

"ఏరా, కళ్ళు కనబడ్డంలేదా? బంటు అక్కడుంది."

"చూశాన్లేరా. ఇవాళ దానిమీద మనసు పోలేదు."

"పోయాక జాలిపడుదువుగాని. ఇంకా ఉన్నాగా!"

అన్నయ్య నావైపు చూశాడు. ఆయన గెలుస్తుంటే నాకూ బాగానే ఉండేది. కానీ మా ఆయన మొహం చూశాక అనక తప్పలేదు.

"తీసుకో అన్నయ్యా. ఆయన ఇస్తానంటుంటే వద్దనడానికి నువ్వెవరు?"

తీసుకున్నాడు. మా ఆయన గుర్రం, శకటు ఒక్కసారిగా మీదపడ్డాయి. దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా బల్లమీంచి చూపు తిప్పలేదు. అన్నయ్య చొక్కా చెమటతో తడిసింది. చివరికి నల్లమంత్రి వచ్చి తెల్లరాజుకు దారుల్లేకుండా చేశాడు.

"దొంగవెధవా, ఇంతసేపూ వాణ్ణి ఎక్కడ దాచావురా?" ఆయాసపడుతూనే నవ్వారు మా ఆయన.

"నీ ముక్కు కిందే ఉన్నాడు. తాళం కన్నం తప్ప నీకేం కనబడుతుందిలే!"

ఆ తర్వాత ఆయన లేచి కూర్చోలేకపోయారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు చివరి రోజుల్లో ఎలా ఉన్నారమ్మా అంటే, ఓడిపోయి నవ్వారని చెబుతాను. వాళ్ళకు అర్థం కాదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పే ఓపిక నాకు లేదు.