చెప్పు రబ్బరు చక్రాల బండి

మా చెల్లెలికి అయిదేళ్ళు నిండినా నడక రాలేదు. కోలారులో డాక్టరమ్మ చూసి, "కాళ్ళలో బలం తక్కువ, రోజూ పట్టుకుని నడిపించండి" అంది. పట్టుకునేందుకు మా ఇంట్లో ఎవరికి తీరిక? పట్టుపురుగులు మేతకొచ్చాయంటే అమ్మకు తను తినడానికే పొద్దు చాలదు. ఊళ్ళో అమ్మలక్కలకు మాత్రం కావలసినంత తీరిక. మా వాకిట్లోనే కూర్చుని, "ఈ బిడ్డ ఇంగ నడిచినట్టే" అనేవాళ్ళు. వాళ్ళ నోట్లో మన్ను పడ!

రాబర్ట్‌సన్‌పేట బజారులో మూడు చక్రాల నడకబండ్లు దొరుకుతాయి. అవన్నీ ఏడాది పిల్లలవి, మా చెల్లెలికి మోకాళ్ళ దాకే వస్తాయి. అందుకని తాతే చేయడానికి కూర్చున్నాడు. పురుగుల తట్టలు పెట్టే స్టాండు విరిగి మూలపడి ఉంటే, దాని వెదురు కర్రలు ఊడదీశాడు. పాత తలుపు చెక్కతో చక్రాలు కోశాడు. పట్టుకునే చోట అమ్మ చీర పేలిక చుట్టాడు.

తీరా బండి పట్టించి చెల్లెల్ని నిలబెడితే, ఆ చెక్క చక్రాలు నున్నటి గచ్చు మీద సర్రున జారాయి. బండి అటు, పిల్ల ఇటు. పెదవి చిట్లింది. ఆ తర్వాత బండి పేరెత్తితే చాలు, అమ్మ కొంగు వదిలేది కాదు.

చెప్పుల బండ్లు చేయడంలో మా వీధిలో నాకు ఎదురు లేదు. అరిగిన రబ్బరు చెప్పును గుండ్రంగా కోసి పుల్లకు గుచ్చితే, ఎక్కడా జారకుండా పరిగెత్తేది.

"చక్రాలకు చెప్పు రబ్బరు కొట్టు తాతా" అన్నాను.

"పాతవి యాడుండాయో చూడు పో."

ఇల్లంతా వెతికాను. దొరికినవి అప్పడాల్లా అరిగిపోయాయి, మేకు నిలవదు. తాత వాటిని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేశాడు. కాళ్ళకున్నవి విడిచి, కొడవలితో పట్టీలు కోసేశాడు.

"మొన్ననే కదా మామా తెచ్చుకునింది" అంది అమ్మ.

"నాకు నడక వచ్చులేమ్మా" అన్నాడు తాత.

బండి ఇప్పుడు నెమ్మదిగా, బరువుగా కదిలింది. అయినా ఆ మొండిది ముట్టుకుంటేనా! నాకు ఒళ్ళు మండింది. "పో, ఇది నా బండి" అని నేనే తోసుకుంటూ వాకిలంతా తిరిగాను. అంతే, "నాదీ" అని ఏడుస్తూ వచ్చి పట్టుకుంది. ఆ వేసవి పోయేలోగా మల్బరీ తోట గట్టు దాకా తోసుకెళ్ళింది. మరుసటి ఏడు బండి లేకుండానే నడిచి బడికి వచ్చింది. తాత కొత్త చెప్పులు మాత్రం పట్టుగూళ్ళు అమ్మాకే కొనుక్కున్నాడు.

చెల్లెలు ఇప్పుడు కోలారు దగ్గరి నరసాపురంలో బైకుల ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కిపోతుంది. మొన్న షిఫ్టు దిగి అమ్మకు ఫోన్ చేసింది.

"పొద్దుగూకులూ నిలబడే పనమ్మా, కాళ్ళు గుంజేస్తుండాయి."



"నిలబడితే వచ్చిన నొప్పే కదా తల్లీ?" అని అడిగింది అమ్మ.

అవునంది చెల్లెలు. అమ్మ ఫోను నా చేతిలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.