పెన్‌డ్రైవ్ అనుకున్నాను

మా ఆయన సిగరెట్ మొదలుపెట్టింది మా దీవుల్లో సునామీ వచ్చిన తర్వాతే. ఇళ్లు పోయినవాళ్లకు రేకుల షెడ్లు కట్టే కాంట్రాక్టు పనికి వెళ్లేవారు. ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవారు. అప్పుడు ఒకటి కాల్చుకుంటే నేనేమీ అనలేదు. పదేళ్లు దాటినా మానకపోతే మాత్రం రోజూ అన్నాను. చివరికి చర్చిలో అందరి ముందూ లేచి, ఇక సిగరెట్ ముట్టనని ప్రమాణం చేశారు. నేను ఏడ్చాను కూడా.

కొన్నాళ్లకు ఓ ఉదయం, "టేబుల్ మీద పెన్‌డ్రైవ్ ఉంది, టెండర్ కాగితాలు ప్రింటు తీయించు" అని చెప్పి చౌల్దారీ అనే ఊళ్లో పనికి వెళ్లిపోయారు. ఛార్జర్ పక్కన నల్లగా, సన్నగా ఉన్నదాన్ని సంచిలో వేసుకుని డైరీ ఫార్మ్ అనే పేటలో జిరాక్స్ షాపుకి వెళ్లాను. షాపాయన దాన్ని తిప్పి చూసి, వాసన చూసి నవ్వాడు.

"దీదీ, యే పెన్‌డ్రైవ్ నహీ. సిగరెట్ హై, బ్యాటరీవాలా."

నా వెనకాలే మా చర్చికొచ్చే ఆవిడ నిలబడి ఉంది.

సాయంత్రం ఆయన రాగానే దాన్ని ముందు పెట్టాను. "ఏటండీ ఇది?"

"సిగరెట్ కాదే! ఎలక్ట్రానిక్. నిప్పు లేదు, బూడిద లేదు. ఉత్త ఆవిరి."

"ఆవిరైతే నీళ్లు కాసి దుప్పటి కప్పుతాను, పట్టండి!"

"పేరులో సిగరెట్ ఉంటే సిగరెట్ అయిపోద్దేటి?"

ఆయన దగ్గు వంకతో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: లోపల ద్రవం ఉంటుంది, బ్యాటరీ దాన్ని వేడి చేస్తుంది, పీల్చేది ఆ ఆవిరినే. కానీ సిగరెట్‌లో ఉండే నికోటినే చాలావరకు ఇందులోనూ ఉంటుంది, అలవాటు వదలదు. ఆయన శ్రద్ధగా తలూపారు. బయటికొచ్చి స్కూటర్ తీస్తూ, "అంటే సగమే సిగరెట్ అన్నమాట" అన్నారు.

తర్వాత ప్రభుత్వం వాటిని నిషేధించింది. చెన్నై నుంచి ఓడలో ఎవరో తెచ్చిచ్చే ఆ ద్రవం ఆగిపోయింది. అయినా ఖాళీదాన్నే నోట్లో పెట్టుకుని ఎస్టిమేట్లు రాసుకునేవారు.

"అందులో ఏముందనండీ ఇంకా?" అని అరిచాను.

ఆయన దాన్ని తీసి టేబుల్ మీద పెట్టి అన్నారు: "షెడ్లు కట్టిన రోజుల్లో చేతులు వణికేవే. చేతిలో ఏదో ఒకటుంటే ఆగేవి."

ఇన్నేళ్లలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. కోపం పోలేదు గానీ, వెళ్లి దోసెడు వేయించిన పల్లీలు తెచ్చి చేతిలో పోశాను.

ఇప్పుడు సిగరెట్ లేదు, బ్యాటరీదీ లేదు. చొక్కా జేబుల నిండా పల్లీ పొట్టు. ఉతికిన ప్రతిసారీ బట్టలన్నిటికీ అంటుకుంటోంది. జేబులు దులిపి పడేయమంటే వినరు!