బుగ్గచేప యాకయ్య

జూలై పదమూడు, ఆదివారం, మధ్యాహ్నం. డోర్నకల్‌లో యాకయ్య ఇల్లు. ఉన్నవాళ్లు: యాకయ్య భార్య కమలమ్మ, భూపాలపల్లి నుంచి వచ్చిన కూతురు సునీత, బయ్యారం నుంచి వచ్చిన కమలమ్మ తమ్ముడు ఐలయ్య, వాకిట్లో టెంటు కింద చుట్టాలు, నేను. లేనివాడు యాకయ్య ఒక్కడే.

ఏ రోజుది ఆ రోజు రాసిపెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. పైనున్నది ఆనాటి పుట మొదలు. దానికి ముందు పుటలో ఒక్క వాక్యమే ఉంది: "తెల్లవారేసరికి యాకయ్య పోయాడు." గుండె ఆగిపోయిందని దవాఖానలో చెప్పారట. అంతకు ముందు సాయంత్రమే రైల్వే గేటు దగ్గర టీ తాగుతూ, చక్కెర ఎక్కువైందని హోటలతనితోనూ, ఊరుకోమన్నందుకు నాతోనూ కొట్లాడి వెళ్లిన మనిషి. ఆ గొంతు ఇక వినపడదంటే నమ్మడానికి చాలాసేపు పట్టింది.

ఇలాంటి వ్యాసాన్ని దుఃఖంతో రాయాలి. నాకు దుఃఖం ఉంది. కానీ దానికంటే ముందు కోపం వస్తోంది. ఆ కోపం ఎందుకో చెప్పాలంటే యాకయ్య ఎవరో, ఆయన చేప ఏమిటో చెప్పాలి.

ఆయన గూడ్సు బండి గార్డు. నేను సిగ్నళ్ల విభాగం. ఉద్యోగ జీవితమంతా బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, వెనక్కి పోయే పట్టాలు చూసినవాడు. రిటైరయ్యాక అందరూ ఇల్లు కట్టించుకుంటే ఆయన వరంగల్ వెళ్లి ఒక అద్దాల తొట్టి, ఒక చేప తెచ్చుకున్నాడు. ఆకుపచ్చ ఒళ్లు, నల్లమచ్చలు, బొటనవేలంత పొడవు. పఫర్ చేప అని దుకాణంవాడు చెప్పాడట. భయపడితే నీళ్లు మింగి బంతిలా ఉబ్బుతుంది. మా దిక్కు పిల్లలాడుకునే బెలూన్‌ను బుగ్గ అంటాం కాబట్టి అది బుగ్గచేప అయింది. ఆయన బుగ్గచేప యాకయ్య అయ్యాడు. ఎదురుగా మర్యాదగా, వెనక వెక్కిరింతగా.

మొదటి చేప బతకలేదు. మామూలు నల్లా నీళ్లు చాలని దుకాణంలో చెప్పారు. అది అబద్ధం. ఆ జాతి నది సముద్రంలో కలిసే చోట పుడుతుంది, పెరిగేకొద్దీ దానికి ఉప్పునీళ్లు కావాలి. ఈ సంగతి చేప చచ్చాక తెలిసింది. యాకయ్య ఆ చచ్చిన చేపను డబ్బాలో పెట్టుకుని మళ్లీ వరంగల్ వెళ్లి, దుకాణం ముందు నిలబడి, వచ్చిపోయే వాళ్లందరికీ వినపడేట్టు అరిచాడు: "తెల్వకపోతె తెల్వదను. పానమున్నదాన్ని అమ్ముతున్నవు, మొబైల్ కవరు కాదు!" వాడు నోరు మూయించడానికి ఇంకో చేప ఇచ్చి పంపాడు. యాకయ్య దగ్గర చివరిదాకా ఉన్నది ఈ రెండోదే.

అప్పటి నుంచి హైదరాబాదు నుంచి సముద్రపు ఉప్పు తెప్పించి, బకెట్లో కలిపి, కొలిచే పరికరం ముంచి చూసుకుని పోసేవాడు. ఐలయ్య వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని, "పులుసుకు ముందుగాలనే ఉప్పెక్కిస్తున్నవా బావా?" అని నవ్వేవాడు. చుట్టాలు నవ్వేవారు. యాకయ్య తలెత్తకుండా ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేవాడు: "దీన్ని తింటె మనిషి బతకడు. యాదిపెట్టుకో."

ఆ మాట నేనే ఎన్నోసార్లు విన్నాను. ఇంట్లో అందరూ విన్నారు.

ఆ చేప పళ్లు చిలుక ముక్కులా ఉంటాయి, ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. గట్టి చిప్పలు కొరక్కపోతే నోరు మూసుకుపోయి ఆకలితో చస్తుంది. అందుకని పొద్దున్నే గిన్నె పట్టుకుని పొలాల గట్ల వెంట నత్తలు ఏరేవాడు. రిటైర్డు గార్డు బురదలో వంగి నత్తలేరడం చూసి నాట్లేసే ఆడవాళ్లు, "అయ్యో, పింఛను వస్తలేదా తాతా?" అని అడిగేవారు. ఇంటికొచ్చి ఒక్కొక్క నత్త నీళ్లలో వేసి చెవి అద్దానికి ఆనించేవాడు. టక్‌మని చిప్ప పగిలిన చప్పుడు రాగానే ముఖం వెలిగేది. "ఇయ్యాల్టికి బతికింది," అనేవాడు. ఆ తర్వాతే తన చాయ్.

మంచివాడని మాత్రమే రాసి తప్పుకోను. మొండివాడు. ఐలయ్య కూతురి పెళ్లి రేగొండలో జరిగితే, తలంబ్రాలు పడగానే అన్నం కూడా తినకుండా లేచాడు, తొట్టిలో నీళ్లు మార్చాలని. మేనమామలు, వియ్యంకులు చూస్తుండగా లేచాడు. ఐలయ్యకు ఆ అవమానం పోలేదు. అది న్యాయమే.

కుర్రవాళ్లు ఫోన్లు పట్టుకుని వచ్చేవారు. "తాతా, ఒక్కసారి ఉబ్బియ్యరాదే!" అని అద్దం మీద కొట్టేవారు. ఒకసారి ఒకడు వలతో బయటికి తీయబోతే యాకయ్య వాణ్ణి మెడపట్టి గేటు దాకా నడిపించి, "అది ఆట కాదురా, అది దాని భయం. నీకు భయమైనప్పుడు నేను చప్పట్లు కొట్టాల్నా?" అన్నాడు. నీళ్ల బయట గాలి మింగితే అది చచ్చిపోతుందనీ, ఎప్పుడైనా అలా జరిగితే నీళ్లలోపల తల పైకి ఉండేట్టు పట్టుకుంటే గాలి వదులుతుందనీ ఆ రోజు నాకు చెప్పాడు.

ఇప్పుడు ఆదివారానికి వస్తాను. మర్నాడు మూడొద్దులు, అంటే పోయిన మూడో రోజు. మా దిక్కు ఆనాడు పిట్టకు పెడతారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి ముట్టాక చుట్టాలందరూ అదే వంట తింటారు.

నేను లోపలికి వెళ్లేసరికి తొట్టి మూత తీసి ఉంది. ఐలయ్య చేతిలో వల. నేల మీద బకెట్. అందులో నల్లా నీళ్లు, నీళ్ల మీద తెల్లటి పొట్ట పైకి తేలి, ముళ్లు నిక్కిన బంతి. చుట్టూ నలుగురు నవ్వుతున్నారు.

"ఏం చేస్తున్నవు ఐలయ్యా?"

"బావకు గీ చేపంటె పానం గద. గిదే పులుసు వెట్టి రేపు పిట్టకు పెడ్దామని."

గుమ్మంలో నిలబడ్డ కమలమ్మ సన్నగా అంది: "ఆయన ఇష్టపడి సాదుకున్నడు గదరా."

"ఇష్టమైందే గదక్కా పెట్టేది?"

"అది విషం చేప," అన్నాను. "యాకయ్య నీకు చెప్పలేదా?"

"చెప్పకేందన్నా! వచ్చినప్పుడల్ల చెప్పె. మేమేడ వండుకుంటమో అని గట్ల బెదిరిస్తుండె. ఆయన పీనాసితనం ఎవలికి తెల్వదు?"

మళ్లీ నవ్వారు. పాడె లేచిన ఇంట్లో నవ్వారు. ఏదో అరిచాను, ఏమన్నానో గుర్తులేదు. అప్పుడు సునీత లేచి వచ్చి ఫోన్ ఐలయ్య ముందుకు చాపింది.

"మామా, జర గిది విను."

ఫోన్‌లో ఏదో వీడియో, ఎవరో తెలియని మనిషి గొంతు. ఈ జాతి చేపల కార్జంలో, చర్మంలో విషం ఉండొచ్చని, ఎంతసేపు ఉడికించినా పోదని, తిన్నవాడికి ఊపిరి ఆగిపోతే విరుగుడు మందు లేదని చెప్పింది. ఐలయ్య చేతిలోంచి వల జారింది.

"అవ్వో! గింత విషమా? గీ ముచ్చట ముందుగాల చెప్పాలె గద ఎవలన్న!"

నా కోపం ఈ ఒక్క మాట మీద. ఎవరన్నా! ఒక మనిషి ఏండ్ల తరబడి, అదే ఇంట్లో, అదే తొట్టి ముందు కూర్చుని, తన నోటితో చెప్పాడు. ఆయన చెబితే పీనాసితనం. ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్‌లో చెబితే నిజం. యాకయ్యను వెక్కిరించినందుకు కూడా నాకింత కోపం లేదు. వెక్కిరిస్తూ ఆయన మాటను చెవిన పడనివ్వనందుకు కోపం. మర్నాడు అదే పులుసు అందరికీ వడ్డించేవారు. ముసలివాళ్లకు ముందు వడ్డించేవారు.

వలతో చేపను తొట్టిలోకి దించి, తల పైకి ఉండేట్టు పట్టుకుని నిలబడ్డాను. చేయి తిమ్మిరెక్కింది. సునీత నా మోచేతి కింద చేయి పెట్టి, "పట్టుకో పెద్దబాపు, వదలకు," అంది. చివరికి దాని నోట్లోంచి ఒక బుడగ, మరొకటి, ఆ పైన వరసగా వచ్చాయి. పొట్ట తగ్గింది. అది అడుక్కి పోయి మూలన నక్కింది.

మర్నాడు పొద్దున ఇంటి వెనక గోడ మీద విస్తరి పెట్టారు. ఆయనకు ఇష్టమైన సర్వపిండి, మాంసం, గ్లాసులో చాయ్. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గాని దిగలేదు. ఎండ ఎక్కుతోంది. ఐలయ్య గొణిగాడు: "నే జెప్పలే? ఆయన చేపనే అడుగుతుండు."

కమలమ్మ కొంగు బిగించి ముందుకు నడిచింది. తీగ వైపు చూస్తూ, రోజూ ఇంట్లో ఆయన్ని కసిరే గొంతుతోనే అంది: "ఏందయ్యా, ఇంకేం గావాలె నీకు? నీ చేపను ఎవ్వలు ముట్టరు. నేనే సాదుత. అలిగింది చాలు, వచ్చి తిను."

కాసేపటికి ఒక కాకి దిగి సర్వపిండి ముక్క ఎత్తుకుపోయింది. దానికి అర్థాలు నేను చెప్పను. చుట్టాలు కూర్చుని తిన్నారు, చేతులు కడుక్కున్నారు, లేచి తమ కాళ్ల మీద నడిచి వెళ్లారు. ఎవరి మాట వల్ల అలా నడిచి వెళ్తున్నారో ఒక్కరూ అనలేదు. ఐలయ్య కూడా అనలేదు.

అందరూ వెళ్లాక కమలమ్మ నన్ను అడిగింది: "అన్నా, నిజంగనే పోతుంటిమా అందరం?"

"పోతుంటిరి."

"ఆయన చెప్తుంటె నేను గూడ నవ్విన." ఆయన గిన్నె తీసుకుని గట్ల దిక్కు వెళ్లింది. పాదాలకు బురదతో తిరిగొచ్చి, తొట్టి ముందు ఆయన కుర్చీలో కూర్చుని, ఒక నత్తను నీళ్లలో వేసింది.

చేప మూలలోంచి కదల్లేదు. ఆ కుర్చీలో కొత్త ముఖం. కళ్లు మాత్రం తిప్పి చూసింది. చాలాసేపటికి అది మెల్లగా వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. కమలమ్మ చెవి అద్దానికి ఆనించింది.

టక్.

యాకయ్యా, నువ్వు అనవలసిన మాట కోసం నేను ఎదురుచూశాను. ఆ గొంతు ఈ ఊళ్లో ఇంకెవరికీ లేదు, ఇక రాదు. కమలమ్మ నా వైపు తిరగకుండానే అంది:

"ఇయ్యాల్టికి బతికిందన్నా."