నెలంతా నిలిచిన మందారాలు

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్‌కు నేనే సెక్రటరీని. కెమెరాలు పెట్టించేటప్పుడు, "చిన్న హార్డ్‌డిస్క్ చాలు సార్, వారం రికార్డింగ్ ఉంటది," అన్నాడు షాపతను. "వారమేంది? నెల ఉండాలె!" అని పట్టుబట్టి పెద్దది వేయించాను.

నెల తిరిగేసరికి కింది ఇంటి అనసూయమ్మగారు, "రోజూ నా మందారాలు ఎవరో తెంపుతున్నరు," అని వాపోయారు. అందరినీ కూర్చోబెట్టి గర్వంగా రికార్డింగ్ పెట్టాను.

తెల్లవారుజామున పూలసజ్జతో వచ్చింది మా ఆవిడ! మర్నాడూ ఆమే. ఆ మర్నాడూ ఆమే. నేను గబగబా ఆపబోయాను.

"పెద్దది కావాలంటిరి గద, నెలంతా చూడుండ్రి!" అని మా ఆవిడ విసురుగా లేచి వెళ్లిపోయింది.

రోజూ ఆ పూలతోనే పూజ చేసిన నేను, అవి ఎక్కడివని ఒక్కనాడైనా అడగలేదు.