మరిది నడపలేని కారు

ఆదివారం. ఈ రోజు అయిన పనులు: ఇడ్లీ పిండి రుబ్బడం, రెండు విడతల బట్టలు, మరిదిని చెంగిచెర్లలో దింపడం.

నా కుడి కాలు చచ్చుబడినప్పటి నుంచి నా కారు తాళం చిల్కానగర్‌లో ఉండే మరిది దగ్గరే ఉండేది. నడపకపోతే బ్యాటరీ పాడవుతుందని ఆయన దిగులు. ఆ దిగులుతోనే భార్యాపిల్లలను అందులో నెలనెలా యాదగిరిగుట్టకు తిప్పేవాడు.

కిందటి నెల సర్వీసింగ్ అని చెప్పి తాళం తెప్పించుకుని, నాచారంలో కారుకు చేతితో నడిపే లీవరు పెట్టించాను. తోస్తే బ్రేకు, లాగితే వేగం. నా కాలు పొరపాటున తగలకుండా యాక్సిలరేటర్ మీద మూత బిగించారు. లైసెన్సు కూడా మార్పించుకున్నాను.

ఈ రోజు ఆయన ఫంక్షన్ ఉందని వచ్చి, స్టీరింగ్ ముందు కూర్చుని, ఆ మూతను రెండుసార్లు తొక్కి చూశాడు.

"వదినా, బండి ఖరాబ్ జేయించినవ్ గదా. కాళ్ళేడ వెట్టాలె?"

"పక్క సీట్ల కూసొని వెట్టుకో. ఇన్నొద్దులు నేను గాడ్నే వెట్టుకున్న."

మూత ఊడదీస్తే ఎవరైనా నడపవచ్చని మెకానిక్ నాకు చెప్పాడు. మరిదికి చెప్పమని చెప్పలేదు.

దారంతా ఆయన తలుపు పైనున్న పిడిని వదలలేదు. ఫంక్షన్ హాలు ముందు దిగి, "మల్ల తీస్కపోను ఎప్పుడొస్తవ్?" అన్నాడు. నన్ను దవాఖానా గేటు దగ్గర దింపిన ప్రతిసారీ ఆయన చెప్పే మాటే నేనూ చెప్పాను.

"ఫికర్ జేయకు, ఆటోలు మస్తు దొరుకుతయ్."

మరీ ఎక్కువ చేశానంటారా? మొహమాటం లేకుండా చెప్పండి. దింపిన బాకీ మాత్రం ఈ రోజుతో చెల్లు.