ఏ పేజీలో కొట్టింది?

ఫోన్‌లోని బొమ్మలో ఒక ఆడమనిషి ఇనుప చువ్వల కిటికీ పట్టుకుని ఏడుస్తోంది. పాతికేళ్లుంటాయి. ఎర్ర చీర, మెడనిండా పూసలు. జైతున్‌బీ కళ్లద్దాలు సరిచేసుకుని రెండుసార్లు చూసింది.

"ఎవురు మే ఈమె?"

"నువ్వే అక్కా," అంది సైరా.

జైతున్‌బీకి యాభై మూడేళ్లు. కువైట్ వచ్చి ఇరవై రెండేళ్లయింది, ఇక్కడ ఒక్కరోజూ చీర కట్టలేదు. ముబారక్ అల్ కబీర్‌లో ఆమె వండే ఇంట్లో వంటగది కిటికీకి చువ్వలు లేవు. పావురాలు రాకుండా ఒక వల ఉంది, అంతే. బొమ్మ కింద మాత్రం ఇలా రాసి ఉంది: "తాళాలు వేసిన తలుపుల వెనుక ఇరవై రెండేళ్ల కన్నీరు. క్రూర యజమానురాలు మునీరా చేతిలో నలిగిన ఒక తల్లి గాథ." అది జైతున్‌బీ రాసిన పుస్తకానికే ప్రకటన.

పుస్తకం పేరు 'మామా ఇంటి వంటగది'. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు మునీరా. రాయచోటిలో ఏడో తరగతి దాకా చదివిన జైతున్‌బీ, మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక నోటుపుస్తకాల్లో రాసుకున్న ముచ్చట్లవి. చేపల మార్కెట్లో మామా చేసే బేరం, బల్లి కనిపిస్తే మామా కుర్చీ ఎక్కడం, రంజాన్‌లో హరీస్ అడుగంటితే ఇద్దరూ కలిసి గిన్నె దాచెయ్యడం. చదివితే నవ్వొస్తుంది. ఫింటాస్‌లో ఆవిష్కరణ రోజున అక్కడి తెలుగు సంఘం పెద్దలు ఒక్కొక్కరు అరగంటకు తగ్గకుండా 'గల్ఫ్ కన్నీటి కావ్యం' గురించి మాట్లాడారు. ఒక్కరూ పుస్తకం తెరవలేదు. వంటమనిషి పుస్తకం రాస్తే అది ఏడిపించాలని మనవాళ్లు ముందే తీర్మానించుకుని కూర్చుంటారు. మూడు నెలలు గడిచినా పుస్తకాల పెట్టెలు సైరా మంచం కిందనుంచి కదల్లేదు.

సైరాదీ రాయచోటే. ఫింటాస్‌లో ఒక టైపింగ్ సెంటర్లో వీసా, ఇఖామా అనే నివాస అనుమతి దరఖాస్తులు నింపుతుంది. పన్నెండేళ్లలో ఆ కుర్చీ ఆమెకు నేర్పింది ఒకటే: గడి ఖాళీగా వదిలితే కాగితం తిరిగొస్తుంది. అందుకని, రచయితల పుస్తకాలకు ప్రచారం చేసిపెట్టే ఏఐ యాప్ ఒకటి దొరికి, అది ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టగానే సైరా ఒక్క గడీ వదల్లేదు. రచయిత కష్టాలు పడ్డారా? పడ్డారు. కన్నీళ్లు పెట్టించే సంఘటనలున్నాయా? ఉన్నాయి. రచయిత జీవితం ఎవరి చేతిలో ఉంది? దీనికి ఆలోచించాల్సిన పనే లేదు. కువైట్‌లో ఏ దరఖాస్తులోనైనా రాసేదే రాసింది, కఫీల్ పేరు, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని పేరు. మామా భర్త పోయాక జైతున్‌బీ వీసా మామా పేరు మీదే నడుస్తోంది కాబట్టి మామా పేరే, తండ్రి పేరుతో సహా. ఏ భాషల్లో ప్రచారం చెయ్యాలి? తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, అరబీ. నాలుగింటికీ టిక్కు పెట్టింది.

"ఇదంతా నేను యాడ రాసినాను మే?"

"నువ్వు రాయకపోతే ఏమక్కా, అది రాసింది. వారంలో రెండు పెట్టెలు ఖాళీ."

ఖాళీ అయిన మాట నిజమే. ఫోన్లు కూడా మొదలయ్యాయి. సులైబియా గోదాములో స్టోర్ కీపర్‌గా చేసే భీమేశ్వరరావు, కోనసీమ మనిషి, భోజన విరామంలో చేశాడు.

"అమ్మా, సగం పైన చదివేసేనండి. ఏ పేజీలో కొట్టిందండీ?"

"కొట్టలేదు సార్."

"మొహమాటపడకండమ్మా. పేజీ నెంబరు చెప్పండి, మా రూములో వాళ్లకి చదివి వినిపిస్తాను."

"యా పేజీలోనూ లేదు సార్."

"అయితే ఇది మొదటి భాగమాండీ?"

అలాంటివి నాలుగైదు వచ్చేసరికి జైతున్‌బీకి తన పుస్తకం మీద తనకే అనుమానం పుట్టింది. ఏదైనా రాయడం మరిచిపోయానా అని ఒక మధ్యాహ్నమంతా మొదటినుంచి తిరగేసింది. ఇంకొకటి ఆమెకు ఎంతకీ అర్థం కాలేదు. చెప్పకుండానే ఆ యాప్‌కు తాళం సంగతి ఎట్లా తెలిసింది? దానికేమీ తెలియదు. గల్ఫ్ కథ అనగానే తలుపుకు తాళం వెయ్యడం మనుషులు రాసినవాటినుంచే అది నేర్చుకుంది. కానీ ఈ మాట ఆమెకు చెప్పేవాళ్లెవరు?

గురువారం మామా చెల్లెలు అరబీ ప్రకటనను మామా ఫోన్‌కు పంపింది. మామా వంటగదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. జైతున్‌బీ ఇఖామా నెలాఖరుకు ముగుస్తుంది. మామా ఒప్పుకుంటేనే అది మళ్లీ రెండేళ్లు సాగుతుంది. లేకుంటే ఖలాస్, ఈ వయసు వంటమనిషిని ఏ ఇల్లూ కొత్తగా పెట్టుకోదు.

"నేను క్రూరురాలినా?" అడిగింది మామా. వాళ్లిద్దరి మధ్య నడిచేది అరబీ, హిందీ కలిసిన వంటింటి భాష.

"నేను రాయలేదు మామా. మిషన్ రాసింది."

"ఆ మిషన్‌కు కఫీల్ ఎవరు?"

"తెలీదు మామా."

"కఫీల్ లేకుండా కువైట్‌లో పనిచేస్తోందా?"

జైతున్‌బీ సైరాకు ఫోన్ చేసింది, ప్రకటన అప్పటికప్పుడు తీసేయించింది. మామా కదల్లేదు.

"పుస్తకం తీసుకురా. నా గురించి ఏం రాశావో చదువు. మొత్తం."

జైతున్‌బీ తెలుగు పేజీ చూస్తూ వంటింటి భాషలో చెప్పుకుపోయింది. చేపల బేరం దగ్గర మామా అడ్డుపడింది, అంత తక్కువకు తానెప్పుడూ అడగలేదని. బల్లి దగ్గర నవ్వాపుకుంది. నలభై ఒకటో పేజీ వచ్చింది. అందులో మూడే వాక్యాలున్నాయి, కబాబ్ పిండి కలపడం మధ్యలో ఇరికించి రాసినవి. వదిలేసినా మామాకు తెలియదు. జైతున్‌బీ పేజీ తిప్పబోయి ఆగింది. అబద్ధాన్ని తీసేయించి, నిజాన్ని తనే మింగేస్తే ఆ పుస్తకం తాను ఎందుకు రాసినట్టో ఆమెకు తెలియలేదు.

చదివింది. "అమ్మ చనిపోయినప్పుడు నా పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. తాళంచెవి మామాతో లండన్ పోయింది. మట్టి వెయ్యడానికి నేను పోలేదు."

మామా తనకు చదవడం రాని ఆ పేజీ వైపు వంగింది.

"నాకు ఫోన్ చెయ్యాల్సింది."

"చేసినాను మామా. వచ్చాక చూద్దాం అన్నావు."

"నేను అట్లా అనను."

"అన్నావు మామా."

"నాకు గుర్తులేదు." మామా తన ఫోన్‌లో ఏడుస్తున్న ఎర్ర చీర బొమ్మను మళ్లీ తీసి చూసింది. "ఇంత రాసిన మిషన్ ఇది ఎందుకు రాయలేదు?"

జైతున్‌బీ వేలు పేజీలో పెట్టి పుస్తకం మూసింది.

"మామా, నేను ఉండాలా, పోవాలా?"

"ఇంకా ఎన్ని పేజీలున్నాయి?"

"తొంబై."

"తొంబై," అంది మామా. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "యల్లా, చదువు."

అది ఉండమనడమో, పోయేలోపు పూర్తిచెయ్యమనడమో జైతున్‌బీకి తెలియలేదు. నలభై రెండో పేజీ తిప్పింది.